గుడ్డ పట్టిన చేతులు

రఫ్ఫు అత్త దుకాణం ఒక గదిలో సగం. మిగిలిన సగం ఆవిడ మరిదిది. అతను గడియారాలు బాగుచేస్తాడు. రెండు సగాలకూ నడుమ ఒక అద్దాల బీరువా, దాని నెత్తిన ఒక టీవీ ఉన్నాయి. ఆ టీవీ ఎవరి సగానికి చెందుతుందనే విషయంలో వదినా మరుదులకు ఏనాడూ పేచీ రాలేదు. మ్యాచ్ ఉన్న రోజున అది ఇద్దరిదీ కాదు, వీధిది.

చిరిగిన బట్టను చిరగనట్టుగా చేయడం ఆవిడ వృత్తి. అతుకు వేరు, రఫ్ఫు వేరు. అతుకు వేసినవాడు ఇక్కడ చిరిగిందని ఊరికి చాటుతాడు. రఫ్ఫు చేసినవాడు చిరుగుకూ బట్టకూ రాజీ కుదిర్చి, తాను మెల్లగా తప్పుకుంటాడు. అందుకు కావలసిన దారం బజారులో దొరకదు. ఆ బట్ట లోపలి మడతలో, ఎవరి కంటా పడనిచోటి నుంచి పోగు లాగి, ఆ పోగుతోనే కన్నం పూడ్చాలి. కోటుకు సిగరెట్టు కాలిన మచ్చ గాని, ప్యాంటుకు మేకు గీరిన చిరుగు గాని, ఆవిడ చేతిలో పడి బయటికి వచ్చాక సొంతదారుకే ఆనవాలు దొరకదు.

అయితే ఆ పని ఆవిడ ఒంటరిగా చేయలేదు. పెళ్ళయిన కొత్తలో వచ్చిన విషజ్వరం పోతూ పోతూ ఎడమచేతి పట్టును వెంటబెట్టుకుపోయింది. వేళ్ళు కదులుతాయి గాని బిగియవు. రఫ్ఫుకు గుడ్డ బిగువుగా ఉండాలి. చెక్క చట్రానికి బిగించవచ్చు, కాని మంచి గుడ్డ మీద చట్రం ముద్ర పడుతుంది. అది మరొక చిరుగుతో సమానం. అందుచేత ఆవిడ అత్తగారు తానే ఎదురుగా కూర్చుని, గుడ్డను రెండు చేతులా పట్టి, కోడలికి పని నేర్పింది. "నీకు ఒక చెయ్యి తక్కువైతే నాకు రెండున్నాయి కదే. ఇంట్లో లెక్క సరిపోయింది" అనేది. అత్తాకోడళ్ళ కథలు వీధిలో ఎన్ని చెప్పుకున్నా, ఆ గదిలో మాత్రం అత్తగారి మాట వస్తే కోడలు ఈనాటికీ సూది దించి మాట్లాడుతుంది.

అత్తగారు పోయాక గుడ్డ పట్టే చేతులకు కరువు వచ్చింది. మరిది పట్టుకునేవాడు గాని, అతని మనసు ఎప్పుడూ అవతల విప్పి ఉంచిన గడియారం మీదే. గుడ్డ వదులయ్యేది, వదినగారి ముఖం బిగిసేది. అటువంటి రోజుల్లో మేడ మీది గదిలోకి ఒక తల్లీ కొడుకూ అద్దెకు దిగారు. తల్లి ఆసుపత్రి దుప్పట్లు ఉతికేచోట పనిచేసేది. కొడుకు బడి వదిలాక ఆమె వచ్చేదాకా దుకాణం మెట్టు మీద కూర్చునేవాడు. చొక్కా గుండీ అంత ఉన్నాడని మరిది వాడికి 'గుండీ' అని పేరు పెట్టాడు. ఒక సాయంత్రం మరిది చేతిలోంచి గుడ్డ జారిపోతుంటే వాడే లేచివచ్చి పట్టుకున్నాడు. వాడు తాటిచెట్టంత ఎదిగి, ఊరి ఫుట్‌బాల్ జట్టువాళ్ళు వచ్చి తీసుకుపోయేదాకా ఆ పట్టు వదలలేదు. వాడు ఆడి చించుకొచ్చిన నిక్కర్లన్నీ ఆ మెట్టు మీదే, వాడే పట్టుకోగా, మళ్ళీ నిక్కర్లయ్యాయి.

దారం తెంపే విషయంలో వాడు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆవిడ సూది దించి కత్తెర అందుకునేలోగా చివరి కుట్టు వదులవుతుంది. వాడి రెండు చేతులూ గుడ్డకు అంకితం. అందుకని వాడు ముందుకు వంగి, పంటితో టుక్కున దారం కొరికేవాడు.

"ఒరేయ్, పళ్ళు పాడవుతాయిరా."

"పాలపళ్ళే కదత్తా. ఎలాగూ ఊడేవే."

పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వచ్చాయి గాని అలవాటు ఊడలేదు.

ఊరి జట్టు తరఫున తొలి గోల్ కొట్టిన నాడు గుండీ మైదానం అంచుకు పరుగెత్తి, నిలబడి, కనబడని సూదితో గాలిలో కుట్టు వేశాడు. దారం పైకి లాగి, చెయ్యి పెదవుల దగ్గరికి తెచ్చి కొరికాడు. అదేమిటని అడిగిన విలేకరితో, "అది మా రఫ్ఫు అత్తకు దండం" అన్నాడు. మరునాడు పత్రికలో వచ్చిన ఆ బొమ్మను, సందు చివర కాపురముండే బస్సు కండక్టరు కత్తిరించి తెచ్చి, అడగకుండానే బీరువా అద్దానికి అంటించాడు.

ఆనాటి నుంచి గోల్ పడ్డప్పుడల్లా వీధి గుండీని చూసేది. ఆవిడ వాడి చెయ్యి చూసేది. "బొటనవేలు ఇంకాస్త వంచాలి" అని సణుగుతూ కళ్ళజోడు తీసి తుడుచుకునేది. ఆవిడ పనికి మెప్పు అంటే, పని కనబడకపోవడమే. జీవితమంతా కనబడకుండా కుట్టిన చేతిని ఒకడు అంతమంది ముందు ఎత్తి చూపించాడు. ఆ తృప్తిని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు.

ఒక సాయంత్రం మ్యాచ్ ముగిశాక, బడిలో ఆటలు నేర్పుతూ, ఆదివారాలు వీధి పిల్లల జట్లను ఆడించే డ్రిల్లు మాస్టారు మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు తీసుకుని వచ్చారు. అప్పటికే కండక్టరు స్టూలు ఆక్రమించి ఉన్నాడు. ఆనాడు అవతలి జట్టువాడొకడు గోల్ కొట్టి, చొక్కా విప్పి గిరగిర తిప్పాడు. చర్చ అక్కడ మొదలైంది.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" అన్నారు మాస్టారు. "రేపు నా మైదానంలో చొక్కాలన్నీ గాలిలో ఉంటాయి. పోయిన నెల ఇంకొకడు చెవి దగ్గర చెయ్యిపెట్టి, ఇంకా అరవండి అన్నట్టు చూపించాడు. మా పిల్లలు లెక్కల టీచరు ముందు అదే చేశారు."

"దూడకు పలుపు కట్టాల్సింది ఆవు కాదు మాస్టారూ, ఇంట్లోవాళ్ళు" అన్నాడు కండక్టరు. "అయినా గోల్ కొట్టినవాడు ఏం చేయాలంటారు? సంతాపం ప్రకటించాలా?"

"కాసేపు మౌనం పాటిస్తే సరి" అన్నాడు మరిది, కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే.

"తోటివాళ్ళతో చేతులు కలిపి, వెనక్కి పరుగెత్తాలి. మా రోజుల్లో అంతే."

"మీ రోజుల్లో మీరెన్ని గోల్స్ కొట్టారేంటి?"

"నేను గోల్‌కీపర్ని."

"అదీ సంగతి. అందుకే సంబరం మీకు గిట్టదు. ఎప్పుడు చూసినా అవతలివాడిదే."

అందరూ నవ్వారు. మాస్టారు కూడా కొంత నవ్వి, "సంబరం అసలు రుచి గోల్‌లో నిలబడి చూసినవాడికే తెలుస్తుంది నాయనా" అన్నారు.

"మా గుండీది అలాంటిది కాదు లెండి. పెద్దవాళ్ళకు దండం పెడుతున్నాడు. పిల్లలు అది నేర్చుకుంటే మంచిదే కదా. ఏమంటావు అక్కా?" అన్నాడు కండక్టరు.

మాస్టారు మాట మింగి, ప్యాంటు మడతను లేనిపోని శ్రద్ధతో సవరించడం ఆవిడ చూసింది.

"చెప్పండి మాస్టారూ. చిరుగు ఎక్కడుందో చూపించకుండా బట్ట ఇస్తే నేనేం చేయగలను?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఏమనుకోకండమ్మా. మనవాడు దారం కొరుకుతాడని మనకు తెలుసు. పిల్లలకు తెలియదు. చెయ్యి పెదాల దగ్గరికి పోవడం కనిపిస్తుంది, అంతే. వాడు నోరు కుట్టేస్తున్నాడనుకున్నారు. ఇప్పుడు గెలిచిన జట్టు ఓడినవాళ్ళ ముందు నిలబడి పెదాలు కుట్టినట్టు చూపిస్తోంది. నోరు మూసుకో అని దానర్థం. అందుకని వచ్చే ఆదివారం నుంచి, గోల్ తర్వాత ఎవరు చేతులాడించినా బయటికి పంపేస్తాను. మీకు ముందు చెప్పడం మర్యాద అనిపించింది."

"మంచిపని చేశారు" అన్నది ఆవిడ. ఆపైన, "ఎవరి ముందు చేశారు?" అని అడిగింది.

"మీ మనవరాలు చెప్పలేదా?" అన్నారు మాస్టారు.

ఆవిడ కూతురు నర్సు. డ్యూటీకి వెళ్ళేటప్పుడు తన పిల్లను తల్లి దగ్గర దింపిపోతుంది. ఆ పిల్ల వీధి జట్టుకు గోల్‌కీపరు. బడి వదిలాక అమ్మమ్మకు గుడ్డ పట్టేదీ ఆమే. కొద్దిరోజులుగా కాలునొప్పి అని మైదానానికి పోవడం లేదు. గుడ్డ మాత్రం ఎన్నడూ లేనంత బిగువుగా పడుతోంది. ఆ బిగువు చూసి అమ్మమ్మ మురిసిపోయిందే గాని, కాలునొప్పి గల పిల్ల మెట్లు రెండేసి చొప్పున ఎలా ఎక్కుతోందని ఆవిడకు తోచలేదు.

మరునాడు గుండీల డబ్బా తెరిస్తే, అడుగున పిల్ల ఆటలో వేసుకునే చేతి తొడుగులు కనబడ్డాయి. ఆవిడ వాటిని బల్ల మీద పెట్టి పిల్ల కోసం ఎదురుచూసింది. పిల్ల వచ్చి తొడుగుల్ని చూసింది, అమ్మమ్మను చూసింది, సంచి దించకుండానే నిలబడిపోయింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"నీకు అది ఇష్టం కదా అమ్మమ్మా. గుండీ మామయ్య అలా చేసినప్పుడల్లా కళ్ళజోడు తుడుచుకుంటావు."

"ఏం జరిగింది?"

"ఓడిపోయాం. వాళ్ళందరూ వరసగా వచ్చి నా ముందు నిలబడి కుట్టారు. తిడదామనుకున్నాను. నేను తిడితే, వాళ్ళు తిరిగి ఆ కుట్టునే తిడతారు. అది నీది కదా."

ఎవరో గాలిలో వేసిన కుట్టు నిజంగానే ఈ పిల్ల పెదవుల మీద పడింది. తన పరువు కోసం పిల్ల ఆ కుట్టును ఇన్నాళ్ళూ విప్పకుండా మోసింది. ఆవిడ పిల్లను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. ఇక గుండీతో ఆ సంబరం మానేయమని చెప్పాలి. వేరే దారి లేదు. చెప్పడమంటే, జన్మలో దొరికిన ఒక్క దండాన్నీ తన చేత్తోనే చెరిపేసుకోవడం. బీరువా అద్దం మీది బొమ్మ వంక ఆవిడ చూడలేదు.

ఆ వారంలోనే గుండీ తల్లిని చూడడానికి వచ్చాడు. వాడు మేడ దిగేసరికి వీధి సగం దుకాణం ముందుంది. అత్త అందర్నీ అదిలించి, ముదురు నీలం కోటు ఒకటి వాడి ఒడిలో పడేసింది.

"కూర్చో. పట్టుకో."

వాడు నవ్వి, మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒక అవస్థ పడి, పాత మెట్టు మీదే కూర్చుని గుడ్డ పట్టుకున్నాడు. మనవరాలు బీరువా పక్కన నిలబడి చూస్తోంది. ఆవిడ కుడుతూ కుడుతూ, తల ఎత్తకుండా, మైదానంలో జరిగినదంతా చెప్పింది. చెప్తుండగా గుడ్డ ఒకసారి వదులయింది.

"బిగించు" అన్నది.

"అంటే మానేయమంటావా అత్తా?" వాడి గొంతు చిన్నబోయింది. "మైకు పెడితే నాకు నాలుక మడతపడుతుంది, నీకు తెలుసు కదా. నీకు చెప్పాల్సినదంతా అలా చెప్పుకుంటున్నాననుకున్నాను."

మానేయరా అనడానికే ఆవిడ నోరు తెరిచింది. ఇంతలో చివరి కుట్టు పడింది. సూది పైకి లేచింది. దారం ఇద్దరి నడుమ బిగిసి నిలిచింది. వాడు ఆలోచించకుండా ముందుకు వంగి, టుక్కున కొరికాడు.

ఆవిడ ఆగిపోయింది.

"ఒరేయ్, ఇప్పుడు చేసింది ఎవరు?"

"ఏది?"

"సూది నాది, పన్ను నీది. మైదానంలో రెండూ నువ్వొక్కడివే చేస్తున్నావు. చూసేవాడికి నోరు కుట్టినట్టు కాక ఇంకెలా ఉంటుంది? గుడ్డ ఏది మరి? పట్టినవాడేడీ?"

వాడు తన చేతుల వంక చూసుకున్నాడు. అవి ఇంకా కోటును పట్టుకునే ఉన్నాయి.

"నేను ఒక్క కుట్టయినా ఒంటరిగా వేశానట్రా? మా అత్తగారు పట్టారు. నువ్వు పట్టావు. ఇప్పుడు ఇది పడుతోంది. నాకు దండం పెడుతున్నావు సరే, నేనెవరికి పెట్టాలి? నీకు ఆ బంతి అందించినవాడు ఒకడుంటాడు కదా. వాణ్ణి పిలువు. పట్టుకోమను. ఇద్దరూ కలిసి చెయ్యండి."

"వాడికి రాకపోతే?"

"అయితే చెయ్యకు. పట్టేవాళ్ళు లేనిరోజు నేను దుకాణం తెరిచానా?"

గుండీ మనవరాలి వైపు తిరిగి, "గుడ్డ ఎలా పడుతున్నావో చూపించు" అన్నాడు. పిల్ల వచ్చి వాడి చేతుల్లోంచి కోటు తీసుకుని, మోచేతులు పక్కలకు ఆనించి పట్టి చూపించింది. "నాకంటే నయం" అన్నాడు వాడు. ఆ ఒక్క మాటకు పిల్ల ముఖంలో ఎన్నాళ్ళకో వెలుగు కనబడింది.

తర్వాతి మ్యాచ్‌లో గుండీ గోల్ కొట్టాడు. కొట్టి, అంచుకు పరుగెత్తకుండా వెనక్కి తిరిగాడు. వెనక వరసలో ఎడమవైపు ఆడే కుర్రాడొకడు బంతి ఇచ్చిన పాపానికి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. గుండీ వాడి ముందు ఆగి చేతులు చాపమన్నాడు. కౌగిలించుకోమన్నాడనుకుని వాడు మీద పడ్డాడు. గుండీ విడిపించుకుని ఏదో వివరించాడు. వాడు మొదట బుట్ట పట్టినట్టు పట్టాడు. చివరికి ఎలాగో గుడ్డ పట్టినట్టు పట్టాడు. గుండీ కుట్టాడు. ఆ కుర్రాడు వంగి కొరికాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

"ఇదేంటి అక్కా, దుప్పటి మడత పెడుతున్నారా?" అన్నాడు కండక్టరు.

దుకాణమంతా గొల్లుమన్నది. ఆవిడా నవ్వింది. ఇప్పుడు వాడి బొటనవేలు సరిగ్గా వంగి ఉందో లేదో చూడడం మరిచిపోయింది.

"ఇదీ సంబరమే" అన్నారు డ్రిల్లు మాస్టారు గంభీరంగా. "నా నిబంధన నిబంధనే." కాసేపయ్యాక అడిగారు, "ఇంతకీ ఆ పట్టినవాడెవడు?"

ఆ కుర్రాడు జట్టులోకి వచ్చి చాలా కాలమైంది. వాడి వీపు మీది అంకె తప్ప వాడి సంగతి వీధిలో ఒక్కరికీ తెలియదు. జట్టులో ప్రతివాడి పుట్టుమచ్చ కూడా తనకు తెలుసునని చెప్పుకునే కండక్టరు తల గోక్కున్నాడు. ఆ సాయంత్రం చర్చ ఇక సంబరాల మీద సాగలేదు. వాడిది ఏ ఊరు, ఎప్పటినుంచి ఆడుతున్నాడు, ఎన్ని బంతులు గుండీ కాలికి అందించాడు అని ఒకరినొకరు అడుగుతూ కూర్చున్నారు.

మాస్టారి మైదానంలో మార్పు రాకపోలేదు గాని, పిల్లలు పిల్లలే. నోళ్ళు కుట్టడం తగ్గింది. దాని బదులు, "బంతి ఇచ్చింది నేను" అంటే, "కాదు, నేను" అని కొత్త తగువులు పుట్టాయి. ఎవరి వెనక ఎవరున్నారో తెలుసుకోవడానికి జరుగుతున్న తగువు గనుక మాస్టారు దాన్ని చూసీచూడనట్టు వదిలేశారు. బంతి అందించినవాడు పక్కన ఉంటే సరే, ఒక్కడే చేస్తే బయటికి అన్నారు. ఆ సడలింపును ఆయన గోడకు అంటించలేదు, అడిగినవాళ్ళకే చెప్పారు.

మనవరాలికి మాత్రం ఒక సందేహం మిగిలింది. "అమ్మమ్మా, గోల్‌కీపరు గోల్ కొట్టదు కదా. ఎవరికీ బంతి కూడా ఇవ్వదు. నన్నెవరు పిలుస్తారు?"

అమ్మమ్మ తొడుగులు తీసి, బొటనవేలి దగ్గర విడిపోయిన కుట్టును సరిచేసి ఇచ్చింది. పిల్ల వాటిని కొంతసేపు ఒడిలో పెట్టుకుని కూర్చుని, ఆదివారం ఉదయం తనంతట తానే తొడుక్కుని బయలుదేరింది.

ఆవిడా వెంట వెళ్ళి, మైదానం అంచున మాస్టారి పక్కన బెంచీ మీద కూర్చున్నది. పిల్ల ఒక గోల్ వదిలేసింది. అవతలి జట్టులో కొట్టినవాడు బంతి ఇచ్చినవాణ్ణి వెతుక్కుంటూ పోయాడు. పిల్ల వైపు ఎవరూ చూడలేదు. పిల్ల ముఖం తుడుచుకుని, బంతి తెచ్చి మధ్యకు విసిరింది. ఆట ముగింపుకు వస్తుండగా ఒక బంతిని పొట్టకు కరుచుకుని ఆపింది. లేచి, చుట్టూ చూసి, గట్టిగా తన్నింది. బంతి అందరి తలల మీదుగా పోయి తన జట్టులోనే ఆడే బేకరీ ఆయన కూతురి ముందు పడింది. ఆ పిల్ల దాన్ని అక్కడినుంచే గోల్‌లోకి నెట్టింది.

నెట్టి, చేతులెత్తబోయి, దించి చుట్టూ చూసింది. పక్కన ఎవరూ లేరు. జట్టులో ఇద్దరు ముందుకు ఉరికి, "నేనా, నేనా" అన్నారు. ఆమె తల అడ్డంగా ఊపి వెనక్కి తిరిగింది. మైదానం ఈ చివరినుంచి ఆ చివరిదాకా రొప్పుతూ పరుగెత్తుకొచ్చి గోల్‌కీపరు ముందు ఆగింది. మనవరాలు మొదట నమ్మలేదు. నమ్మాక మోచేతులు పక్కలకు ఆనించి, తొడుగుల చేతులతో గాలిని గుడ్డలా బిగించి పట్టుకుంది. ఆ పట్టు ఎంత సరిగ్గా ఉందంటే, బెంచీ మీద ఉన్న ఆవిడ కుడిచెయ్యి తెలియకుండానే సూది పట్టినట్టు ముడుచుకుంది.

అంత పరుగు, అంత కుట్టు, అంత కొరుకుడు పూర్తయ్యేసరికి ఆటకు చాలా ఆలస్యమైంది. అవతలి పిల్లలు మాస్టారి వైపు చూస్తున్నారు. మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నారు గాని ఊదలేదు. మణికట్టు మీది గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు.

"ఆగిపోయినట్టుందమ్మా. రేపు మీ మరిదికి చూపించాలి."

ఆవిడ వంగి చూసింది. ముల్లు చక్కగా నడుస్తోంది.

"తీసుకురండి మాస్టారూ" అన్నది. "మీ ప్యాంటు కూడా సిద్ధంగా ఉంచుతాను."